గ్రామమునకు తిరిగిరాని గ్రామవిద్య

విద్య రెండు విధములు. మనుష్యుని తన యూరికి దగ్గఱ చేయునది యొకటి, తన యూరినుండి దూరము చేయునది యొకటి. ఈ రెండవదానిని మన మెన్నో యేండ్లుగా నిందించుచునే యున్నాము. ఇప్పుడు మూడవ విధ మొకటి బయలుదేరినది. అది గ్రామమును గూర్చియే బోధించును. గ్రామపు పేదఱికమును గూర్చియే పరీక్ష పెట్టును. గ్రామస్త్రీల పొదుపును, గ్రామపు చెఱువును, గ్రామపు చేతిపనిని గూర్చియే వ్యాసము వ్రాయించి పట్ట మిచ్చును. ఇంత చేసియు గ్రామమునకు మాత్రము తిరిగిరాదు. ఈ మూడవ విద్యను గూర్చి నేడు కొంత నిష్కర్షగా మాటలాడవలసి యున్నది.

దీనికి పెట్టిన పేరు సుస్థిర ఆర్థికాభివృద్ధి. దాని తోబుట్టువు పేరు సామాజిక నవకల్పన. మొదటి దనగా, రేపటివారి కంచము ఖాళీ చేయక నేటివారి కడుపు నింపు మార్గము. రెండవ దనగా, ప్రభుత్వము గాని వ్యాపారము గాని తీర్పని కష్టమును జనులు తామే యొక క్రొత్త ఏర్పాటుతో తీర్చుకొనుట. ఈ విషయములందు పట్టభద్రోత్తర విద్య నేడు అనేక దేశముల విశ్వవిద్యాలయములలో సాగుచున్నది. మన దేశమునందును దీనికి పూర్వచరిత్ర గలదు. 1958లో సమాజాభివృద్ధి పరిశోధనకై ముస్సోరీలో పుట్టిన కేంద్రసంస్థ తరువాత హైదరాబాదునకు తరలివచ్చి జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ యైనది. 1979లో గుజరాతులోని ఆనందునందు, పాలసహకారోద్యమము చెంతనే, గ్రామీణ నిర్వహణ విద్యాసంస్థ వెలసినది. టాటా సామాజిక శాస్త్ర సంస్థయు హైదరాబాదున శాఖను నెలకొల్పినది. మన నెల్లూరునకు 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము వచ్చినది. విద్యాలయములు లేవని మేము మొఱపెట్టుట లేదు. ఆ విద్య యెవరి సొమ్ముతో, ఎవరి యనుభవముతో, ఎవరి భాషలో, ఎవరి మేలుకొఱకు నడచుచున్నదని యడుగుచున్నాము.

ఈ ప్రశ్న మాకు పుస్తకములలో దొరకినది కాదు. కొన్నియేండ్ల క్రిందట చేజర్ల ప్రాంతపు రైతొకడు ఈ వ్యాసకర్త యొద్దకు వచ్చెను. కుమారుడు పై చెప్పిన చదువునకై విదేశమునకు పోవుచున్నాడు. బ్యాంకు ఋణమునకు రెండెకరముల భూమి హక్కుపత్రములు తాకట్టుంచవలెను. కాగితములు సరిగా నున్నవో లేవో చూచి చెప్పవలెను. చూచితిమి. సరిగానే యున్నవి. కుఱ్ఱవాడు బుద్ధిమంతుడు, కష్టపడి చదివెను, పట్టము పొందెను. ఇప్పుడు బెంగుళూరులో నొక కచేరీయందు నివేదికలు వ్రాయుచున్నాడు. జీతములో పెద్దపాలు ఆ ఋణమునకే పోవుచున్నది. అతనియందు మాకు దోషమేమియు కనబడదు.

పట్టముకొఱకు అతడు వ్రాసిన వ్యాసము నూఱు పుటలకు మించిన యింగ్లీషు గ్రంథము. విషయము: పశ్చిమ నెల్లూరునందలి స్త్రీల పొదుపుసంఘములు. అతని తల్లి యట్టి సంఘములో ఇరువది యేండ్లకు పైబడిన సభ్యురాలు. కొంతకాలము సంఘపు లెక్కలపుస్తకము ఆమె చేతనే యుండెను. సంక్రాంతికి కుమారుడు తెచ్చి యింట నుంచిన యా ప్రతిని ఆమె సంచిలో పెట్టుకొని వచ్చి మా బల్లపై నుంచి యిట్లనెను: "ఇందులో మా సంఘం సంగతే రాసినాడంట గదయ్యా. కొంచెం తెలుగులో చదివి చెప్పండి. తప్పులుంటే నేను చెప్తా." కుమారుడే చదివి చెప్పరాదా యని యడిగితిమి. "వాడికి ఆ మాటలు తెలుగులో రావంటయ్యా" అనెను.

పాఠకులారా, ఈ రెండు వాక్యములకంటె కఠినమైన తీర్పును మేము వ్రాయజాలము. తల్లి జీవితమును గూర్చి పట్టము పొందిన బిడ్డ, ఆ తల్లికి దానిని తల్లిభాషలో చెప్పలేకపోయెను. ఇది యా బిడ్డ నేరమా? ఆ బిడ్డను అట్లు తయారుచేసిన విద్య నేరమా?

న్యాయస్థానములో పనిచేయువారికి తెలిసిన నియమ మొకటి గలదు. క్రిమినలు విచారణలో సాక్షి చెప్పినదానిని వ్రాసికొన్న పిమ్మట దానిని సాక్షికి చదివి వినిపింపవలెను. వ్రాసిన భాష సాక్షికి తెలియనిచో, తెలిసిన భాషలో ననువదించి చెప్పవలెను. తప్పున్నదని సాక్షి యనినచో న్యాయాధికారి దానిని దిద్దవచ్చును, లేదా సాక్షి యాక్షేపణను గుఱుతు వేయవచ్చును. కోడి దొంగతనపు కేసులో సాక్ష్యమిచ్చిన కూలివానికిని ఈ హక్కు గలదు. మఱి ఒక గ్రామపు బ్రదుకునంతయు, దాని అప్పులను, దాని ఆకలిని, దాని ఆడువారి రహస్యపు కష్టములను ప్రశ్నపత్రముపై వ్రాసికొనిపోయిన పండితుడు దానిని ఆ గ్రామమునకు చదివి వినిపింప నక్కఱ లేదట! కోడికున్న మర్యాద గ్రామమునకు లేకపోయెను.

దీనినే మేము తరలింపు అనుచున్నాము. దాదాభాయి నౌరోజీగారు 1901లో ప్రకటించిన గ్రంథమున దేశపు సంపద యెట్లు సముద్రము దాటిపోవుచున్నదో లెక్కలతో చూపిరి. పత్తి యిచ్చటినుండి పోయి, గుడ్డయై వచ్చి, మనకే యమ్ముడుపోవుచుండెను. నేడు పోవుచున్నది అనుభవము. గ్రామస్త్రీ తన తెలివితో నిర్మించుకొన్న యేర్పాటు ముడిసరకై పోవును. సిద్ధాంతమై, పాఠ్యగ్రంథమై, పట్టమై తిరిగి వచ్చును. ఆ స్త్రీ కుమారుడే రెండెకరములు తాకట్టు పెట్టి దానిని కొనుక్కొనును. పత్తిగుడ్డకైనను కట్టుకొనుటయను ప్రయోజన ముండెను. ఈ గ్రంథము ఇంటి గూటిలో కూర్చున్నది.

ఇది యతిశయోక్తియని తలచువారిని మా పొరుగుననే యున్న దూబగుంటకు రమ్మని పిలుచుచున్నాము. చేజర్లకు ఉత్తరముగా, ఉదయగిరి ప్రాంతమున, కలిగిరి మండలములోని చిన్న గ్రామ మది. 1991 జనవరిలో నెల్లూరు జిల్లాయందు సంపూర్ణ అక్షరాస్యతోద్యమము మొదలయ్యెను. రాత్రివేళ లాంతరు వెలుగున వయోజనులు పలకలు పట్టిరి. వారి వాచకములో సీతమ్మ యను స్త్రీ కథ యుండెను. త్రాగుడు కాపురము నెట్లు కూల్చునో ఆ కథ చెప్పినది. దూబగుంట స్త్రీలు దానిని చదివి, ఇది మన కథయే యనుకొనిరి. వర్ధినేని రోశమ్మ మొదలగువారు ముందు నడువగా తమ యూరి సారాదుకాణమును మూయించిరి. తరువాత జరిగినదే ముఖ్యము. ఆ గ్రామస్త్రీలు చేసిన పనినే 'ఆడవాళ్లు ఏకమైతే' అను పాఠముగా అక్షరాస్యతోద్యమపు తదుపరి వాచకమున నచ్చువేసిరి. ఆ పాఠము ఊరూర చదువబడెను. చదివిన ప్రతి యూరును మేమేల చేయరాదని లేచెను. 1992లో జిల్లా సారా వేలంపాటలు జరుగనేరక వాయిదాపై వాయిదా పడెను. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాయందును, అదే యేడు అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను.

ఆ పాఠము కొద్ది పుటలది. తెలుగున నుండెను. అది గ్రామములో పుట్టి, అచ్చులో నెక్కి, మఱల గ్రామమునకే చేరెను. దాని విలువ యంతయు ఆ తిరిగివచ్చుటలో నున్నది. ఇదే కథను ఇంగ్లీషున చెప్పు వ్యాసములు ఆ తరువాత నెన్నియో వచ్చినవి. వానిలో మంచివియు నున్నవి. కాని యే వ్యాసము చదివి యే యూరు సారాదుకాణము మూయించినదో మాకు చెప్పగలవారు లేరు.

కథ యచ్చటితో ముగియలేదని యొప్పుకొనుట మా ధర్మము. సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడెను. ఖజానాకు మద్యపు రాబడి లేక గడవదని నాడు చెప్పిరి. సుస్థిర ఆర్థికమును గూర్చి చదువువారికి ఇంతకంటె గొప్ప ప్రశ్న యేది? పేదవాని కూలిని త్రాగించి తెచ్చిన సొమ్ముతో ఆ పేదవానికే బియ్యము పంచు ప్రభుత్వము ఎన్నాళ్ళు నిలుచును? దూబగుంట స్త్రీలు ఆ ప్రశ్నను వేసి ముప్పది యేండ్లు దాటినది. విద్యాలయములు దానికి తెలుగున జవాబు చెప్పవలసియున్నది.

సారా మానిన యింట మిగిలిన రూపాయి యేమైనది? దాచుకొన్నారు. నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి యను పేరుతో రోజుకొక రూపాయి లెక్కన స్త్రీలు కూడబెట్టిరి. అప్పటికే 1982 నుండి డ్వాక్రా పథకము గలదు. పొదుపులక్ష్మి దానికి క్రొత్తబలము నిచ్చెను. 2000లో వెలుగు కార్యక్రమము వచ్చెను. సంఘములు గ్రామసమాఖ్యలై, మండలసమాఖ్యలయ్యెను. 2011లో కేంద్రప్రభుత్వము జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషనును స్థాపించినపుడు ఆంధ్రదేశపు ఈ యనుభవము దానికొక యాధారమయ్యెను. సామాజిక నవకల్పన యన నిదియే గదా! పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత మనవిషయమున నిజమైనది. మన పెరటి చెట్టు వేరు పైదేశమునకు పోయి సీసాలో చేరి వచ్చిన పిమ్మటనే దానిని మందని నమ్ముచున్నాము.

ఈ విద్యకు మనిషి తెలియక లెక్క మాత్రము తెలిసినప్పుడు ఏమగునో కూడ మనమే చూచితిమి. 1976లో తూర్పున చిట్టగాంగు విశ్వవిద్యాలయపు అర్థశాస్త్రాచార్యుడు మహమ్మద్ యూనస్ తన విద్యాలయము ప్రక్కనున్న జోబ్రా గ్రామమునకు నడచిపోయి, అచ్చటి బీదలకు తన జేబులోని చిన్నమొత్తములు అప్పిచ్చి, గ్రామీణ బ్యాంకునకు బీజము వేసెను. 2006లో ఆ బ్యాంకునకును ఆయనకును నోబెల్ శాంతిబహుమానము వచ్చెను. ఆ నడక మెచ్చదగినది. కాని ఆ పద్ధతిని లాభాపేక్షతో పట్టుకొన్న సంస్థలు ఆంధ్రదేశమున ప్రవేశించి, మన స్త్రీలు పొదుపుకై కట్టుకొన్న సంఘములనే అప్పులపంటకు పొలములుగా చేసికొన్నవి. ఒకే యింటికి నాలుగు చోట్ల అప్పు; వారము వారము వాయిదా; కట్టలేనివారి గుమ్మము ముందు తోడిసభ్యురాండ్రచేతనే కూర్చుండబెట్టుట. ఆత్మహత్యల వార్తలు వెలువడిన పిమ్మట 2010 అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. వసూళ్ల శాతమును లెక్కగట్టినవారు చదువుకొన్నవారే. కట్టిన రూపాయి పుస్తెనమ్మి వచ్చినదా, పంటయమ్మి వచ్చినదా యని యడుగవలెనని వారి చదువు వారికి చెప్పలేదు.

సుస్థిరత యను మాటయే మనకు పరాయిది యని కొందఱు తలచుచున్నారు. 1987లో ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండు సంఘము నివేదికతో నది పుట్టినదని పాఠములు మొదలగుచున్నవి. అంతకు 42 సంవత్సరములకు ముందే, 1945లో, జె. సి. కుమరప్పగారు తాను కారాగారమున వ్రాసిన శాశ్వత ఆర్థికవ్యవస్థను గూర్చిన గ్రంథమును గాంధీగారి పీఠికతో ప్రకటించిరి. ఆయన పట్టములు లేనివాడు కాడు. అమెరికాలో సిరక్యూసునందును కొలంబియాయందును చదివినవాడే. తిరిగివచ్చి చేసిన మొదటి పనులలో నొకటి, గుజరాతు విద్యాపీఠపు విద్యార్థులను వెంటబెట్టుకొని మాతర తాలూకా గ్రామములను ఇల్లిల్లు తిరిగి పరిశీలించుట. తరిగిపోవు సంపద యేది, తిరిగి మొలచు సంపద యేది యని విభజించి, రెండవదానిపై బ్రదుకు నిలుపుకొనుమని ఆయన చెప్పెను. విత్తనపు గింజ వండుకొని తినరాదని మన రైతు చెప్పునదియు నిదియే. ఆ గ్రంథము చదువకయే సుస్థిర ఆర్థికమున పట్టము పొందుటకు వీలున్నచో, ఆ పట్టము దేనికి సాక్ష్యము?

పరాయిపాలననాటి విశ్వవిద్యాలయము సైతము ఈ విషయమున కొంత మేలుగా నడచినదని చెప్పుటకు సిగ్గగుచున్నది. మద్రాసు విశ్వవిద్యాలయమున భారత అర్థశాస్త్రాచార్యుడుగా నుండిన గిల్బర్టు స్లేటరు 1916లో తన విద్యార్థులను సెలవులలో వారి వారి సొంత గ్రామములకే పంపి, భూమి, పంట, పశువులు, కూలి, అప్పు మొదలగు వివరములను వ్రాసి తెమ్మనెను. 1918లో నవి గ్రంథముగా వెలువడెను. రెండు దశాబ్దములు గడచిన పిమ్మట అదే విశ్వవిద్యాలయపు ఆచార్యులు ఆ గ్రామములనే మఱల పరిశీలించి 1940లో ప్రకటించిరి. గ్రామమును ఒక్కసారి చూచి పోక మఱల వచ్చిరి. నాటి దానితో నేటి దానిని పోల్చిరి. పరాయిదొర చేయించిన పనిని మన విశ్వవిద్యాలయములు ఏటేట చేయింపరాదా? ఆక్సుఫర్డున చదివివచ్చిన ఎన్. జి. రంగాగారు నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయము పెట్టి, రైతుబిడ్డలకు అర్థశాస్త్రమును రాజకీయమును నేర్పించిరి. అంతకుముందే 1910లో కోపల్లె హనుమంతరావుగారు తన చదువునంతయు బందరులో జాతీయ కళాశాలకు ధారపోసిరి. వీరెవరును విదేశవిద్యను ద్వేషింపలేదు. దానిని ఇంటికి తెచ్చిరి.

ఇక ఆక్షేపణలకు వత్తము. తెలుగున నింత పెద్దచదువు చెప్పుటకు మాటలు లేవందురు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూభాషలో నారంభమై, అనువాదశాఖను పెట్టుకొని, విజ్ఞానశాస్త్రములను గూడ ఆ భాషలోనే చెప్పెను. అది మన తెలుగు కాదు. తెలంగాణపు తెలుగువారి కది మఱియొక కష్టమే తెచ్చెను. కాని దేశభాషలో ఉన్నతవిద్య అసాధ్యమను మాటను నాడే అబద్ధము చేసెను. ఉన్నతవిద్యకు తెలుగు పుస్తకములు సిద్ధము చేయుటకే 1968లో తెలుగు అకాడమి పుట్టెను. మాటలు లేవనుట నిజము కాదు; అవసర మున్నదని తలచువారు లేరు. అప్పు, వడ్డీ, తరుగు, పొదుపు, వంతు, ఉమ్మడి, మారుబేరము, ముందుచూపు: అర్థశాస్త్రమున కింతకంటె మూలపదము లేవి? గ్రామమునకు లేని మాట ఒక్కటే: ఆ పండితుడు తనతో తెచ్చిన ప్రశ్నపత్రములోని మాట.

ఇంగ్లీషు లేనిదే యుద్యోగము లేదందురు. ఇంగ్లీషు నేర్వవద్దని మే మనలేదు. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని పెద్దలు చెప్పిరి. తల్లికి తెలుగున చెప్పగలిగినవాడు ప్రపంచమునకు ఇంగ్లీషున ఇంకను చక్కగా చెప్పగలడు. ఏలయన, తల్లి యతని తప్పులు దిద్ది పంపియుండును. బిడ్డలు పల్లెలోనే కుళ్ళవలెనా యందురు. వద్దు. ఎచ్చటికైనను పోవచ్చును. వారు పోవుటను మేము తప్పుపట్టము. వారి వెంట గ్రామపు లెక్కలు కూడ పోయి, ప్రతియైనను తిరిగిరాకపోవుటను తప్పుపట్టుచున్నాము.

గ్రామముతో కలిసి నేర్చుకొనుట సాధ్యమేనా యని సందేహించువారికి ఒక దృష్టాంతము. రైతు సాధికార సంస్థ 2016 నుండి ఆంధ్రప్రదేశమున ప్రకృతివ్యవసాయమును స్త్రీసంఘముల మూలమున నడపుచున్నది. అందు రైతునకు బోధకుడు రైతే; తన పొలమున చేసి చూపినవాడే యూరివారికి నేర్పును. 2024లో దీనికి పోర్చుగలు దేశపు గుల్బెంకియన్ బహుమానము, మఱి యిద్దఱితో పాలుగా, లభించెను. ఆ పద్ధతిలోని దిగుబడులను గూర్చి వాదములున్నవి, ఉండవలెను, వానిని తేల్చుటయే పరిశోధకుల పని. కాని నేర్పువాడును నేర్చువాడును ఒకే చేనిగట్టున నిలువవచ్చునని మాత్రము రుజువైనది.

మా చుట్టునే పరిశోధనకు విషయములు కొదువయా? ఉదయగిరి దుర్గపు నీడలో కొయ్యగరిటెలు, గిన్నెలు చెక్కు కుటుంబములు గలవు. ఆ పని భౌగోళిక గుర్తింపును గూడ పొందినది. ఆ కొండలమీది కొయ్య యెంత వేగముగా పెరుగును, ఎంత వేగముగా నఱుకబడుచున్నది? పట్నపు దుకాణములో గరిటె కిచ్చిన రూపాయిలో చెక్కినచేతికి చేరున దెంత? ఇవి సుస్థిరతకు సంబంధించిన ప్రశ్నలు కావా? 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయము మా చెంతనే పెన్నపై నున్నది. ఆ నీరు కండలేరు మీదుగా పోయి, 1983 నాటి యొప్పందము ప్రకారము చెన్నపట్టణపు దాహము తీర్చు తెలుగుగంగలో కలియుచున్నది. తీర్చుట మంచిదే. కాని అదే జలాశయమునకు ఉత్తరముగా ఉదయగిరి మెట్టలలో బోరునీటి ఫ్లోరైడు ఎముకల నెందుకు వంచుచున్నది? నదికి ఈ ప్రక్కవారు వఱి కోయుచుండగా ఆ ప్రక్కవా రెందుకు వలసపోవుచున్నారు? పొదలకూరు విపణిలో నిమ్మకాయ ఒక యేడు బంగారమై మఱుయేడు గట్టున పారబోయబడుట యేల? నెల్లూరునకు పేరు తెచ్చిన మొలగొలుకులు చేలనుండి యేల తొలగినవి? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క విద్యార్థి రెండేండ్లు వెచ్చింపవచ్చును. అట్టి వ్యాసములు పది తెలుగున వచ్చినచో ఈ తాలూకాల స్వరూపము మాఱును.

కావున మేము కోరునది యిది. మొదటిది, ఏ గ్రామమును గూర్చియైనను పట్టముకొఱకు వ్రాసిన వ్యాసము యొక్క సారాంశమును తెలుగున వ్రాసి, ఆ గ్రామసభలో చదివి వినిపించిన పిమ్మటనే విశ్వవిద్యాలయము దానిని స్వీకరింపవలెను. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము గ్రామసభను గుర్తించియే యున్నది. దానికి పనిలేక యున్నది. ఈ పని యిండు. రెండవది, గ్రామస్థుల యాక్షేపణలను వ్యాసమునకు జతపఱుపవలెను. సాక్షి దిద్దుబాటును కొట్టివేయు హక్కు వ్రాతగానికి లేదు. మూడవది, సేకరించిన లెక్కల ప్రతి యొకటి, వ్యక్తుల గుట్టు కాపాడుచు, పంచాయతీ కచేరీలో నుంచవలెను. పదియేండ్ల తరువాత వచ్చు విద్యార్థికి అది స్లేటరు గ్రంథమువలె నుపయోగించును. నాలుగవది, విద్యార్థి ఒక్క గ్రామమున కనీస మొక పంట కాలము, దుక్కినుండి నూర్పువఱకు నివసింపవలెను. మధ్యాహ్నము కారులో వచ్చి సాయంకాలమునకు పోవువాడు చూచునది ఎండ మాత్రమే. ఐదవది, మౌఖిక పరీక్షకు కూర్చుండు పెద్దలలో పొదుపుసంఘపు స్త్రీ యొకతె యుండవలెను. ఆమె యడుగు ప్రశ్నకు ఆచార్యులును భయపడుదురు గాక!

ఇవి యసాధ్యములా? వీనికి క్రొత్త భవన మక్కఱలేదు, విదేశఋణ మక్కఱలేదు. తలచుకొన్న యే విద్యాలయమైనను వచ్చు విద్యాసంవత్సరమునుండియే మొదలుపెట్టవచ్చును. ఆ పని మన జిల్లాలోనే మొదలైనచో మాకు గర్వము. పట్టము పొందిన యువకులకు మా విన్నపము: విశ్వవిద్యాలయము చెప్పువఱకు వేచియుండకుడు. మీరు వ్రాసినదాని నొక్కసారి తెలుగు చేసి, మీ యూరి రచ్చబండ దగ్గఱ చదువుడు. మీ పట్టమునకు నిజమైన పరీక్ష అచ్చట జరుగును.

చేజర్ల తల్లి సంగతి చెప్పి ముగింతుము. ఆమె తెచ్చిన గ్రంథమును రెండు సాయంకాలములు కూర్చుండి మాకు చేతనైనట్లు తెలుగు చేసి వినిపించితిమి. చాలచోట్ల తల యూపెను, కుమారుని మెచ్చుకొనెను. ఒకచోట మాత్రము చేయెత్తి ఆపెను. ఒక సంవత్సరమున సంఘసభ్యులు వాయిదాలు కట్టకపోవుటకు వారికి ఆర్థికపరిజ్ఞానము చాలకపోవుటయే కారణమని యచ్చట వ్రాయబడియున్నది. ఆమె యనెను: "అది తప్పయ్యా. ఆ యేడు వాన పడలా, బోరెండిపోయింది. లేక కట్టలా గాని తెలియక గాదు. వాడికి చెప్పండి, దిద్దుకోమని."

ఆ దిద్దుబాటు ఆ గ్రంథములో నెచ్చటను చేరలేదు. చేరుటకు దారియే లేదు. ఆ వాక్యము చదివి మఱియొకడు గ్రామస్త్రీలకు లెక్కలు నేర్పు పథకమును వ్రాయును. బోరు మాత్రము ఎండియే యుండును. రెండెకరములు తాకట్టు పెట్టి కొన్న చదువులో ఒక తప్పు నిలిచియున్నది. దానిని దిద్దగల మనిషి ఆ యింటిలోనే యున్నది. ఆమెను అడుగని విద్యకు సుస్థిరమను పేరు చెల్లదు.